పోలీసులకి పట్టిస్తా!

అక్టోబరు 21 పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో ఆ రోజు లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఏటా ఆ వారం పోలీసు శాఖ బడిపిల్లల్ని పిలుస్తుంది. ఓపెన్ హౌస్ పెట్టి తుపాకులు, వైర్‌లెస్ సెట్లు, జాగిలాలు చూపిస్తారు. వ్యాసరచన పోటీలు పెడతారు. గోదావరి ఒడ్డున మా పట్నంలో ఆ పోటీ కాగితాలు దిద్దడానికి ముగ్గురం కూర్చున్నాం. ఒకరు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరు గారు. ఇంకొకరు ఏఎస్సైగా రిటైరైన పెద్దాయన, ఆవిడకి పిన్ని భర్త. మూడోవాణ్ణి నేను, తెలుగు పండితుణ్ణి. అక్షరదోషాలు నా వాటా. గంటలో తెములుతుందనుకున్న పని సాయంత్రం దాకా సాగింది. సాగదీసిన మాటలే ఇవి. మధ్యలో నాకు తోచినవి బ్రాకెట్లలో పెట్టాను.

ఏఎస్సై: ఇదిగో, దీనికి ఫస్టు ఇచ్చేయొచ్చు. దస్తూరీ గుండ్రంగా ఉంది. "పోలీసులు లేని సమాజాన్ని ఊహించలేము" అని మొదలెట్టింది. శాంతిభద్రతలు అన్న మాటలో ఒత్తు కూడా పోలేదు.

టీచరు: ఆ వాక్యం ఈ కట్టలో సగం కాగితాల్లో ఉంది బాబాయ్ గారూ. గైడులోది. నేనొకటి పక్కన పెట్టాను, చదవనా? ఏడో తరగతి పిల్ల. "పోలీసులు రాత్రి మా నాన్నని తీసుకెళ్ళారు. తెల్లారి పంపించేశారు. ఎందుకు తీసుకెళ్ళారో మా అమ్మ అడగలేదు. పోలీసులంటే నాకు భయం. పెద్దయ్యాక పోలీసునవుతాను." అంతే, అయిపోయింది.

ఏఎస్సై: ఇది వ్యాసం కాదు, ఫిర్యాదు. ఎస్పీ గారి ముందు మైకులో చదివితే ఆ స్టేషన్ ఎస్సై మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

టీచరు: ప్రైజు సంగతి తర్వాత. చివరి వాక్యం చూడండి. భయమట, కానీ తనూ అదే అవుతుందట.

ఏఎస్సై: అందులో విడ్డూరమేముంది అమ్మాయ్? భయపడుతూ బతికే బదులు భయపెట్టే వైపు ఉంటే మేలని ఏడో తరగతికే తెలిసిపోయింది. కుర్రతనంలో నేను సెలక్షన్‌కి పరిగెత్తింది కూడా ఆ లెక్కతోనే.

టీచరు: నా బాధా అదే. ఆ పిల్ల లెక్కలో చట్టం ఎక్కడా లేదు. తీసుకెళ్ళేవాళ్ళున్నారు, వెళ్ళేవాళ్ళున్నారు. మనిషిని అరెస్టు చేస్తే ఎందుకో చెప్పి తీరాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టాలి. ఇదంతా మేం సోషల్లో చెబుతాం, పరీక్షలో అడుగుతాం. ఈ పిల్ల రేపు ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది. ఆ జవాబుకీ వాళ్ళ నాన్నకీ సంబంధం ఉందని మాత్రం తోచదు.

ఏఎస్సై: తోచకపోవడమే రైటు. సంబంధం లేదు కాబట్టి. నువ్వు చెప్పింది అరెస్టు. రాత్రి తీసుకెళ్ళి తెల్లారి పంపెయ్యడం అరెస్టు కాదు, "ఎంక్వైరీకి రమ్మన్నారు". అరెస్టయితే మెమో రాయాలి, సాక్షి సంతకం కావాలి, డాక్టరుకి చూపించాలి, రిమాండు రిపోర్టు కట్టాలి. రమ్మంటే కాగితమే పుట్టదు. కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్లో నోటీసిచ్చి పిలవమనే ఉంది. పాత సీఆర్‌పీసీలోని 41-ఏ నోటీసే అది. రాయడానికి రైటరుకి బద్ధకం, అడగడానికి జనానికి జంకు. మీ పుస్తకంలో ఉన్నదంతా కాగితం పుట్టాక నడిచే చట్టం. పిల్లలు చూసేది కాగితం పుట్టకముందు నడిచేది.

టీచరు: ఇంత తెలిసిన మీరు బడికొచ్చి చెప్పరే?

ఏఎస్సై: నన్ను దీనికెవరు పిలిచారు? పిలిస్తే ట్రాఫిక్ గుర్తులు చెప్పమని పిలుస్తారు. హెల్మెట్ పెట్టుకోండి, గంజాయి జోలికి పోకండి, సెల్‌ఫోన్‌తో జాగ్రత్త. అరగంట. తర్వాత మైసూర్‌పాకు, టీ.

(ఆ ప్రసంగాలు నేనూ విన్నాను. వక్త మారినా మాట మారదు. పిల్లల చూపు మాత్రం వక్త నడుముకున్న పిస్తోలు మీంచి కదలదు.)

టీచరు: అసలు మొదలు ఇంట్లోనే పడుతోంది. అన్నం తినకపోతే పోలీసులకి పట్టిస్తా. అల్లరి చేస్తే పట్టిస్తా. బూచాడు రిటైరయ్యాడు, ఆ పోస్టు మీకిచ్చారు.

ఏఎస్సై: ఇచ్చారు, జీతం లేకుండా. బీటుకెళ్తుంటే అరుగు మీద తల్లులు "అదుగో వచ్చాడు" అని నన్ను చూపించేవాళ్ళు. పిల్లాడు నోరు తెరిచేవాడు, ముద్ద లోపలికి పోయేది. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది.

టీచరు: అదే పిల్లాడు తప్పిపోతే?

ఏఎస్సై: అదీ చూశాను. 2015 గోదావరి పుష్కరాల్లో ఘాట్ డ్యూటీ పడింది నాకు. తప్పిపోయిన పిల్లల్ని మైకు టెంటుకి చేర్చాలి. ఐదేళ్ళ వాడొకడు, పసుపు చొక్కా, ఏడుస్తూ తిరుగుతున్నాడు. నేను దగ్గరికెళ్తే ఏడుపు ఆపి జనంలోకి పరుగు తీశాడు. పట్టుకుంటే చెయ్యి కొరికాడు. ఇక లాభం లేదని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మరమరాల పొట్లం ఒకటి కొని, వాడికి రెండు బారల దూరంలో మెట్టు మీద కూర్చున్నాను. పొట్లం సగమయ్యేసరికి వాడే జరిగి జరిగి వచ్చాడు. "నువ్వు పోలీసువి కాదుగా?" అన్నాడు. కాదన్నాను. అప్పుడు చెప్పాడు ఊరి పేరు.

టీచరు: చూశారా? ఖాకీ తొడుక్కుని కూడా పోలీసుని కాదని అబద్ధమాడితే గాని సాయం చెయ్యలేకపోయారు.

ఏఎస్సై: ఆ భయం తల్లులు పెట్టింది, మేం పెట్టింది కాదు. ఐదేళ్ళవాడికి అక్కర్లేదు, ఒప్పుకుంటా. పదిహేనేళ్ళవాడికి మాత్రం కాస్త మిగలాలి. టెన్త్ కుర్రాడి చేతికి ఎవడో గంజాయి పొట్లం ఇచ్చి ఫలానా చోట అందించమన్నాడనుకో. వాడికి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్లు తెలియడం ముఖ్యమా, ఏ సందులోంచి పోలీసు వస్తాడోనని గుండెల్లో దడ ఉండడం ముఖ్యమా? సెక్షన్లు తెలిసిన ప్లీడర్లే తప్పు చేస్తారు. దడ ఉన్నవాడు పొట్లం కింద పడేసి పారిపోతాడు.

టీచరు: ఆ దడ మీరున్నంతసేపే బాబాయ్ గారూ. సెంటర్లో మీరు కనపడితే నాన్న హెల్మెట్ పెట్టుకుంటాడు, మలుపు తిరగ్గానే తీసి హ్యాండిల్‌కి తగిలిస్తాడు. వెనక కూర్చున్న పిల్లకి దాంట్లోంచి ఏం అర్థమవుతుంది? తల పగులుతుందని కాదు, పోలీసు ఏ మలుపు దాకా ఉంటాడో అర్థమవుతుంది.

ఏఎస్సై: నాన్న దాకా వచ్చావు కాబట్టి చెప్తాను. పిల్లలు చట్టం నేర్చుకునేది మీ బళ్ళో కాదు, మా స్టేషన్లోనూ కాదు. నాన్న చేసే ఫోన్లో. ఓసారి తొమ్మిదో తరగతివాడు తండ్రి బండి నడుపుతూ దొరికాడు. తండ్రిని పిలిపించాను. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199-ఏ అని చేర్చారు. మైనరు నడిపితే తండ్రికో బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. ఇదంతా చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, పక్కకెళ్ళి ఫోన్ చేశాడు. ఐదు నిమిషాల్లో నా జేబులో ఫోన్ మోగింది. "మనవాళ్ళే, చూసి వదిలెయ్." అప్పుడా కుర్రాడు తండ్రి వైపు చూడలేదు. నా మొహంలోకే చూశాడు. నా గొంతు ఎంత తగ్గుతుందో, "సార్" అని ఎన్నిసార్లు అంటానో అన్నీ గమనించాడు. ఆ ఐదు నిమిషాల్లో వాడికి మొత్తం వ్యవస్థ అర్థమైపోయింది. నువ్వు ఏడాదంతా చెప్పినా అంత అర్థం కాదు.

టీచరు: వదిలేశారా?

ఏఎస్సై: చలానా రాశాను. హెల్మెట్ లేనందుకు.

(అంటే 199-ఏ రాయలేదన్నమాట. ఆయన ఆ మాట చాలా మామూలుగా అన్నారు. టీచరు గారు ఎర్రపెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు.)

టీచరు: మరి ఇంక దడ గురించి ఏం చెబుతారు మీరు? ఫోన్ చెయ్యగల తండ్రి ఉన్నవాడికి దడ లేదు. రాత్రి తండ్రిని తీసుకెళ్తే ఎందుకని అడగలేని ఇంటి పిల్లకి మాత్రం ఉంది. ఒకే తరగతి గదిలో, ఒకే బెంచీ మీద రెండు చట్టాలు కూర్చున్నాయి.

ఏఎస్సై: కూర్చున్నాయి. వాటిని మీరే కూర్చోబెట్టారంటాను నేను. కోప్పడకు. పిల్లాడు జీవితంలో మొదట చూసే ప్రభుత్వోద్యోగి పోలీసు కాదు, టీచరు. మొదట చూసే లాఠీ మాది కాదు, మీ బెత్తం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఏం చెబుతోంది? పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. అది పోస్టరు మీద రాసి గోడకి అంటించి, ఆ గోడ కిందే గోడకుర్చీ వేయిస్తారు మీరు. హోమ్‌వర్కు తేని ఇద్దర్లో ఎంపీటీసీ గారి అబ్బాయికి ఎన్ని దెబ్బలు, కూలీ కొడుక్కి ఎన్ని దెబ్బలు? పిల్లలు లెక్కపెట్టుకుంటారమ్మా.

టీచరు: లెక్కపెట్టుకుంటారు. కాదనను. నేను కొట్టను. నా పక్క గదిలో దెబ్బల చప్పుడు వినపడితే లేచి వెళ్ళి ఆపను కూడా.

ఏఎస్సై: మా దగ్గరా అంతే. కొట్టేవాడు ఒకడుంటాడు. మిగతావాళ్ళం రికార్డు రాసుకుంటూ ఉంటాం.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడు కాగితాలు దిద్దాం. ప్రైజు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: గుండ్రటి దస్తూరీకే వెళ్ళింది. ముగ్గురిలో ఇద్దరు అటు, ఆ రెండో ఓటు నాది. పేరు చదివి ఆ ఏడో తరగతి పిల్లని అదే ఊరి పోలీసుల ముందు నిలబెట్టడం నాకిష్టం లేకపోయింది. టీచరు గారికి అది పిరికితనంగా కనిపించింది. నేనిప్పటికీ అలా అనుకోవడం లేదు.)

టీచరు: పిల్లలకి తప్పంటే తెలియదని కాదు. ఎలా తెలుస్తుందో మనం చూడం. పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన 1932లో ఒక పుస్తకం రాశాడు. పిల్లలకి రెండు కథలు చెప్పేవాడు. ఒకడు తెలియక తలుపు తోస్తే వెనకున్న పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు దొంగతనంగా జాము తినబోతే ఒక కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు పదిహేను కప్పులవాడిదే అంటారు. పెద్దవుతున్నకొద్దీ ఉద్దేశం చూస్తారు. నేను ఆరో తరగతిలో జాము తీసేసి ఆవకాయ పెట్టి అడిగాను. గది రెండుగా చీలిపోయింది, పీరియడంతా అరుపులే.

ఏఎస్సై: మా స్టేషన్లో అడిగినా చీలుతుంది. ఎంత సొత్తు పోయింది అన్నదే మాకు మొదటి ప్రశ్న. చట్టం మాత్రం ఆ పుస్తకం కన్నా ముందే తెలివిగా ఉంది. 1860 నాటి ఐపీసీలోనే ఏడేళ్ళు నిండని పిల్లలు ఏం చేసినా నేరం కాదు అనుంది. ఏడు నుంచి పన్నెండు దాకా, చేసిందేంటో అర్థం చేసుకునే బుద్ధి వచ్చిందా లేదా అని చూడాలి. అప్పుడవి 82, 83 సెక్షన్లు. 2024 జులై నుంచి న్యాయ సంహితలో 20, 21.

టీచరు: అది చెబితే ఒకడు లేచి, "అయితే మా తమ్ముడు ఏం చేసినా పర్లేదా టీచర్? వాడికి ఆరేళ్ళే" అన్నాడు. వాడి మొహంలో ఎంత అన్యాయం జరిగిన బాధో! చట్టం తన తరఫున ఉండగలదని వాడికి ఊహే లేదు. తమ్ముడి తరఫునుంది, అమ్మ తరఫునుంది, పోలీసు తరఫునుంది. మీరే చెప్పండి, పదిహేనేళ్ళు నిండని మగపిల్లాణ్ణి సాక్షిగా స్టేషన్‌కి రమ్మనకూడదని, ఇంటికెళ్ళి అడగాలని ఉందా లేదా?

ఏఎస్సై: ఉంది. సురక్షా సంహిత 179. ఆడవాళ్ళకి ఏ వయసైనా అంతే. బాలల న్యాయ చట్టం, 2015ది, ఇంకా ముందుకెళ్ళింది. నేరం చేశాడన్న పిల్లాణ్ణి కూడా లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వెయ్యకూడదు. 24 గంటల్లో బాలల న్యాయ బోర్డు ముందుకి తీసుకెళ్ళాలి. ప్రతి స్టేషన్లో ఒకరిని పిల్లల సంక్షేమ అధికారిగా పెట్టాలి, ఏఎస్సై ర్యాంకుకి తక్కువ కాకుండా. నేను చేశాను ఆ పని. ఉన్న పనులకి అదనం.

టీచరు: మీరా? ఎప్పుడూ చెప్పలేదే.

ఏఎస్సై: చెప్పుకునే పోస్టు కాదులే. పిల్లలతో మాట్లాడేటప్పుడు యూనిఫాం వేసుకోకూడదు. అందుకని రైటరు కుర్చీ వెనక మేకుకి గళ్ళ చొక్కా ఒకటి తగిలించి ఉంచేవాణ్ణి. పిల్లల మీద లైంగిక నేరాల పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలం ఆ పిల్ల ఇంటిదగ్గరో తను కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సైయే తీసుకోవాలి. ఆవిడా చీరలోనో చుడీదార్‌లోనో వచ్చేది, నేను గళ్ళ చొక్కాలో తోడు వెళ్ళేవాణ్ణి. అంతా చట్ట ప్రకారమే. వెళ్ళేది మాత్రం జీపులో. జీపు మీద ఇంత లావు అక్షరాలతో పోలీస్ అని ఉంటుంది. అది ఆ ఇంటి ముందు ఆగిన క్షణంలో వీధంతా గుమ్మాల్లోకి వచ్చేస్తుంది. చట్టం రాసినవాళ్ళు చొక్కా దాకా ఆలోచించారు, జీపు దాకా రాలేదు. తర్వాత నేనే వీధి చివర ఆపించి నడిచి వెళ్ళడం మొదలెట్టాను.

టీచరు: ఇదీ పిల్లలకి తెలియాల్సింది! పోలీసు గళ్ళ చొక్కాలో రావాలని చట్టమే చెబుతోందని.

ఏఎస్సై: తెలిస్తే నవ్వుతారు. వాళ్ళకి తెలిసిన పోలీసు చొక్కా గుండీలు విప్పి జీపు బానెట్ మీద కాలు పెడతాడు. గబ్బర్ సింగ్, విక్రమార్కుడు. పాటలో గన్ను తిప్పుతాడు. మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి రిమాండు అడిగే హీరోని ఏ సినిమాలో చూశావు?

టీచరు: సినిమాని వదిలెయ్యండి. 2019 డిసెంబరు 6 సినిమా కాదు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేసిన పొద్దున నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి చాక్లెట్లు తెచ్చింది. పోలీసుల మీద పూలు చల్లడం అందరూ టీవీలో చూశారు.

ఏఎస్సై: ఆ రోజు మా స్టేషన్‌కి కూడా ఎవరో స్వీట్లు పంపారు. నేనూ తిన్నాను. ఆ అమ్మాయిని అంత ఘోరంగా చంపితే, నాకూ కూతుళ్ళున్నారు.

టీచరు: నాకూ కోపమే వచ్చింది. అయితే సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురికి పద్దెనిమిదేళ్ళు నిండలేదని కూడా చెప్పింది. ఆ తర్వాత వ్యవహారం హైకోర్టుకెక్కింది. నేననేది కోర్టు సంగతి కాదు, నా క్లాసు సంగతి. చప్పట్లు కొట్టిన పిల్లలకి ఆ ముగ్గురూ బడిలో నాలుగు తరగతులు పైనున్న వయసువాళ్ళు. మీరిందాక చెప్పిన బోర్డు, గళ్ళ చొక్కా, 24 గంటలు, అవన్నీ వర్తించాయా లేదా అని అడగాల్సిన వయసు. అది తేల్చే పని కోర్టుది. అక్కడిదాకా వెళ్ళనేలేదు. ఇది వివరించడానికి ఒక పీరియడ్ తీసుకున్నాను. చివర్లో ఒక పిల్ల లేచి, "మీరు దొంగల పక్షమా టీచర్?" అంది.

ఏఎస్సై: సరిగ్గానే అడిగింది.

టీచరు: సరిగ్గా అడగలేదు, నిజాయితీగా అడిగింది. అప్పటినుంచీ నాకొకటి కనపడుతోంది. చట్టం దాటేసిన పోలీసుకి పిల్లలు పూలు చల్లుతారు. చలానా రాసే పోలీసుని, నోటీసు ఇచ్చే పోలీసుని, పద్ధతిగా పనిచేసుకునే పోలీసుని చూస్తే దాక్కుంటారు, లేదా నాన్న చేత ఫోన్ చేయిస్తారు. మీరు మీ పని చట్ట ప్రకారం చేసినన్నాళ్ళూ వాళ్ళకి మీరు బూచాడే. అది మానేసిన రోజున హీరో.

ఏఎస్సై: నువ్వన్నది బాగానే ఉంది. ఇంకో వైపు చూడు. పోక్సో కేసు ఏడాదిలో తేల్చడానికి ప్రయత్నించాలని 35వ సెక్షను. నేను చూసిన కేసులో ఏడో తరగతిలో వాంగ్మూలం ఇచ్చిన పిల్ల, కోర్టులో చెప్పే టైముకి ఇంటర్‌లో ఉంది. మర్చిపోవడానికి అన్నేళ్ళు తంటాలు పడి మర్చిపోయింది. అప్పుడు పిలిచి మళ్ళీ మొదట్నుంచీ చెప్పమన్నారు. ఆ పిల్ల క్లాసు పిల్లలంతా చూస్తూనే ఉంటారు కదా, ఊరు చిన్నది. వాళ్ళు తుపాకీకి చప్పట్లు కొట్టక వాయిదాకి కొడతారా? స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ అని కేరళలో 2010లో మొదలైంది, 2018లో దేశమంతా పెట్టారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని స్టేషన్లు తిప్పి చూపిస్తారు. నాకు నచ్చింది. పని ఎంత నెమ్మదిగా, ఎంత కాగితాలతో ఉంటుందో కళ్ళారా చూస్తారు.

టీచరు: మా దగ్గర వాళ్ళు పరేడ్ చూపించారు. కేసు డైరీ చూపించలేదు.

(క్యాడెట్ పథకం మీద ఇంకో పావుగంట వాదించుకున్నారు. అందులో కొత్త సంగతేమీ లేదు గనక వదిలేశాను.)

టీచరు: నేను క్లాసులో ఒక డబ్బా పెట్టాను. పేరు రాయకుండా పోలీసుల గురించి, చట్టం గురించి ఏదైనా అడగొచ్చు. పాత హార్లిక్స్ డబ్బా, మూతకి చీలిక. చీటీలు ఈ సంచిలో ఉన్నాయి. తియ్యండి, జవాబులు మీరే చెప్పండి.

ఏఎస్సై: ఇదిగో ఒకటి. "కంప్లైంట్ ఇస్తే ఎంత కట్టాలి?" ఏమీ కట్టక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇంకోటి. "కోర్ట్ సినిమాలోలా నన్ను కూడా జైల్లో పెడతారా?" వీడెవడు? ఎవరికో ప్రేమలేఖ రాసుంటాడు.

టీచరు: 2025లో ఆ సినిమా వచ్చాకే మా టెన్త్ అబ్బాయిలకి పోక్సో అనే మాట తెలిసింది. సినిమాలో అబ్బాయికి పంతొమ్మిది, అమ్మాయి మైనరు, పెద్దవాళ్ళు కేసు పెట్టిస్తారు. దాంతో ఆ చట్టమంటే ప్రేమికుల మీద పెట్టే కేసు అనుకుంటున్నారు మగపిల్లలు. అది తమక్కూడా రక్షణ అని, అబ్బాయిని ఎవరైనా చెయ్యరానిది చేసినా అదే చట్టమని ఒక్కడికీ తెలియదు.

ఏఎస్సై: పద్దెనిమిది నిండకపోతే ఇష్టపడ్డాను అన్న మాటకి చట్టంలో విలువ లేదని కూడా చెప్పు. పరారైన జంటల్ని తీసుకొచ్చినప్పుడల్లా ఆ ఒక్క వాక్యం వాళ్ళకి ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదా అనుకునేవాణ్ణి. ఇది చూడు... "1098కి ఫోన్ చేస్తే మా నాన్నకి తెలుస్తుందా?"

టీచరు: ఆ చీటీ గురించే మిమ్మల్ని అడగాలనుకున్నాను. ఎవరు రాశారో నాకు అనుమానముంది. ఆ పిల్లకి సంబంధాలు చూస్తున్నారు. తొమ్మిదో తరగతి.

ఏఎస్సై: పిల్లల హెల్ప్‌లైను కదా అది. ఇప్పుడు ఆ నంబరుని అత్యవసర నంబరు 112తో కలిపారు. ఫోన్ చేసిందెవరో వాళ్ళు చెప్పరు. కానీ నాన్నకి తెలుస్తుందా అంటే, ఊహిస్తాడు. నేను అలాంటి పెళ్ళిళ్ళు ఆపాను. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవయ్యొకటి. పందిట్లోకెళ్ళి, పెద్దల చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకుని, ఫొటో తీసుకుని వచ్చేవాళ్ళం. మర్నాడు పేపర్లో పడేది. ఒకసారి పెళ్ళికూతురే ఫోన్ చేసింది. అంతా అయ్యాక నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి, "మీరెళ్ళిపోయాక నేనెక్కడుండాలి సార్?" అంది. పిల్లల సంక్షేమ కమిటీ ఉందమ్మా, బాలసదనం ఉందమ్మా అన్నాను. తలూపింది. నెల తిరక్కుండా ఇంకో ఊళ్ళో గుళ్ళో చేసేశారు. నేను భయం ఉండాలన్నది మొండికి కాదు అమ్మాయ్. మీరు పిల్లలకి నంబరు నేర్పుతారు. నంబరు తర్వాత ఏమవుతుందో నేర్పరు. మా వ్యవస్థ ఫోన్ ఎత్తేదాకా బాగా పనిచేస్తుంది. ఆ తర్వాతి రాత్రి ఆ పిల్ల అదే ఇంట్లో పడుకోవాలి.

టీచరు: అందుకని నంబరు చెప్పొద్దంటారా?

ఏఎస్సై: చెప్పు. తర్వాత సంగతి కూడా చెప్పు. ఫోన్ చేస్తే ఎవరొస్తారు, ఏం రాసుకుంటారు, కమిటీ ముందుకి ఎలా వెళ్ళాలి, సదనంలో ఎన్నాళ్ళు ఉండొచ్చు, చదువు ఆగుతుందా ఆగదా. హక్కుంది హక్కుంది అని ఊదరగొట్టి పంపితే ఆ పిల్ల ఒంటరిగా బయల్దేరుతుంది.

టీచరు: ఇది నేను ఒప్పుకుంటాను. అయినా ఒకటి మీరు ఒప్పుకోవాలి. తర్వాత ఏమవుతుందో తెలియక కాదు పిల్లలు నోరు విప్పనిది. విప్పితే తమదే తప్పంటారని. అది మనం కలిసి పెట్టిన భయం. మీరు స్టేషన్లో "నువ్వెందుకెళ్ళావు అక్కడికి" అంటారు, మేం స్టాఫ్‌రూమ్‌లో అంటాం. ఆ భయానికి మీరిచ్చే పరపతి నాకు నచ్చదు.

ఏఎస్సై: సరే, ఇంకో చీటీ. "పోలీసే తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి?" నీలం స్కెచ్‌పెన్నుతో రాశారు.

టీచరు: చెప్పండి మరి.

ఏఎస్సై: స్టేషన్లో కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. సురక్షా సంహిత 173లో ఉంది. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికెళ్ళాలి. మానవ హక్కుల కమిషన్ ఉంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకొక అథారిటీ పెట్టమంది.

టీచరు: పన్నెండేళ్ళ పిల్ల ఎస్పీ గారికి రిజిస్టరు పోస్టు పంపుతుందా బాబాయ్ గారూ?

ఏఎస్సై: పంపదు. పెద్దవాళ్ళెవరో పంపాలి. నీ డబ్బాలో అలాంటిది పడితే నువ్వు పంపు.

టీచరు: పంపుతాను. హెడ్మాస్టరు గారికి ఒక మాట చెప్పి, ఆయన సరేనంటే...

ఏఎస్సై: 173లో హెడ్మాస్టరు ఎక్కడా లేడు.

టీచరు: నా ఉద్యోగంలో ఉన్నాడు.

ఏఎస్సై: ఆఁ. నాకూ సీఐ ఉండేవాడు.